పది నిమిషాల్లో మాట్లాడమంటే

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ మేనేజరు సెలవులో ఉన్నన్నాళ్ళూ రొయ్యలు కొనేవాళ్ళు వచ్చినా, తనిఖీకి అధికారులు వచ్చినా మీ రొయ్యల పరీక్షల ల్యాబ్ తరఫున నువ్వే లేచి మాట్లాడతానని ఒప్పుకున్నావట. కబురు పది నిమిషాల ముందు వస్తుందట. మన ఇంటి పిల్ల అంత ధైర్యం చేసిందని చాలా సంతోషపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కబురు రాగానే ల్యాప్‌టాప్ తెరిచి స్లైడ్లు చేయబాకు. ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకో: వచ్చినవాళ్ళకి ఏం కావాలి, మన దగ్గర ఏముంది, వాళ్ళు వెళ్ళేలోపు ఏం తేలాలి. ఆ మూడోదే ముందు చెప్పు. మొదటి వాక్యం నోటికి వచ్చేలా రెండుసార్లు అనుకో. గ్లాసుడు నీళ్ళు తాగు. టిఫిన్ మానేసి ఆఫీసుకి పోతావని మీ అమ్మ చెప్పింది. ఖాళీ కడుపుతో నిలబడితే గొంతు వణుకుతుంది, ఆ అలవాటు ఇవాళే మానుకో.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

నేను కాలువల మీద పనిచేస్తున్న రోజులు. ఈశాన్య వానలు ఆలస్యమైన ఏడు అది. నెల్లూరులో రైతులతో మీటింగ్. మా పైఅధికారి రాలేకపోయాడు. 'నువ్వు లేచి చెప్పవయ్యా' అన్నారు. లేచాను. రోజంతా 11,574 క్యూసెక్కులు వదిలితే ఒక టీఎంసీ అవుతుందనీ, సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. గడగడా చెప్పేశాను. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, 'అయ్యా, నీళ్ళు వదిలినాక మా చివరి ఆయకట్టుకి ఎన్నాళ్ళకొస్తాయి?' అన్నాడు.

నాకు తెలీదు. ఆ కాలువ వెంట తిరిగే లస్కర్‌కి తెలుసు. తూముల దగ్గర ఎవరు ఎంత నీళ్ళు మళ్ళిస్తారో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో అతనికి కంఠతా వచ్చు. ఆ రోజు బయట చెట్టు కింద కూర్చునే ఉన్నాడు. పిలిచి అడిగితే సరిపోయేది. కానీ హాలంతా నా వైపే చూస్తోంది. ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక 'అయిదు రోజులు' అనేశాను.

ఆ మాట పట్టుకుని పది ఇళ్ళవాళ్ళు చెరువు అడుగున మిగిలిన నీళ్ళతో నారు పోసుకున్నారు. కాలువ నీళ్ళు వాళ్ళ దాకా వచ్చేసరికి పదమూడు రోజులైంది. ఆ పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. తువ్వాలులోంచి పిడికెడు నారు తీసి నా బల్ల మీద పెట్టాడు. కొసలు ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. వేర్లకి అంటుకున్న నల్లమట్టి పెచ్చులు పెచ్చులుగా ఫైళ్ళ మీద రాలింది. 'మీరు చెప్పారని పోశామయ్యా' అన్నాడు, అంతే. ఆయన వెళ్ళాక కూడా చాలాసేపు ఆ మట్టి తుడవలేకపోయాను.

అందుకే నా భయమల్లా అదే తల్లీ. ఇంగ్లీషు తడబడితే తడబడనీ. ఎవరో 'ఈ లాట్‌కి క్లోరాంఫెనికాల్ పరీక్ష అయిందా, ఎంత వచ్చింది?' అంటారు, రొయ్యల్లో ఉండకూడని ఆ యాంటీబయాటిక్ మందు గురించి. రిపోర్టు నీ చేతిలో ఉండదు. 'ఏమీ లేదు సార్' అనాలని నాలుక చివరి దాకా వస్తుంది. అనబాకు. 'రిపోర్టు చూసి సాయంత్రం అయిదింటికల్లా చెప్తాను' అను, అక్కడే వాళ్ళ ముందే రాసుకో, అయిదు కాకముందే చెప్పు. ల్యాబ్‌లో పరీక్షలు చేసే కుర్రాణ్ణి పక్కనే ఉండమను. మా లస్కర్ లాగా వాడికి తెలిసినవి మనకి తెలియవు. రోజూ పొద్దున్నే రాగానే ఏ లాట్ ఏ దశలో ఉందో చిన్న నోట్‌బుక్‌లో ఎక్కించుకో. పది నిమిషాల్లో ఏం సిద్ధం చేసుకోవాలో అప్పుడు వెతుక్కునే పని ఉండదు.

నీకు చేతకాదని కాదు. ఆరేళ్ళప్పుడు రొట్టెల పండుగలో, బారా షహీద్ దర్గా దగ్గర జనంలో నా చెయ్యి వదిలేసి తప్పిపోయావు. స్వర్ణాల చెరువు గట్టంతా పిచ్చివాడిలా తిరిగాను. చివరికి చూస్తే పోలీసాయన పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నావు. పేరు, ఊరు, 'మా మామయ్య నీలం చొక్కా' అని వరసగా చెప్పావట. ఫోన్ నంబరు అడిగితే 'నాకు తెలీదు, మా అమ్మకి తెలుసు' అన్నావట. ఆయన నవ్వుతూ చెప్తుంటే నిన్ను తిట్టాలో ఎత్తుకోవాలో తెలియలేదు నాకు.

రేపటి నుంచి రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్. ఏదో ఒక విషయం ఇస్తాను, పది నిమిషాలు ఆలోచించుకుని చెప్పు. మీ అత్త కూడా వింటానంటోంది. నీకు తెలియని ప్రశ్న రోజుకొకటి తప్పకుండా అడుగుతాను.

మీ మామయ్య