‘మార్పు’ అనే మాట బోర్డు మీద రాయకు

అమ్మాయ్,

సెలవుల్లో పిల్లలచేత కవితలు రాయిస్తానని, అంశం ‘నాలో వచ్చిన మార్పు’ అని ఫోన్లో చెప్పావు. మంచిదే. కానీ ఆ మాట బోర్డెక్కిందంటే క్లాసంతా ఒకటే రాస్తుంది: ‘ముందు అల్లరి చేసేవాణ్ణి, ఇప్పుడు బుద్ధిగా చదువుకుంటున్నాను’. అది ప్రోగ్రెస్ రిపోర్టు. టీచరు ఏం వినాలనుకుంటుందో పిల్లలు ఇట్టే పసిగడతారు మరి.

అందుకని వస్తువు దగ్గర మొదలెట్టు. పొట్టిదైపోయిన యూనిఫాం, ఊడిన పన్ను, అమ్మేసిన సైకిలు, కొత్త కళ్లజోడు, గాజువాక నుంచి మధురవాడకి ఇల్లు మారితే అక్కడే ఉండిపోయిన స్నేహితుడు. మన విశాఖని ముంచెత్తిన హుద్‌హుద్ తుఫాను మీద రాయించాలని మనకి మహా ఉబలాటం గానీ, 2014 అక్టోబరు నాటికి నీ ఐదో తరగతి పిల్లలు పుట్టనేలేదు. అది మన జ్ఞాపకం.

తర్వాత రెండే ముక్కలివ్వు: ‘ముందు నేను...’, ‘ఇప్పుడు నేను...’. కెనెత్ కోక్ అనే అమెరికన్ కవి 1968లో న్యూయార్కు బడి పిల్లలకి ఇలాంటి ఎత్తుగడలతోనే కవిత్వం నేర్పాడు. ప్రాస కోసం పాకులాడొద్దనీ చెప్పేవాడు. మొదటి విడత అబద్ధాలే రాయమను: ముందు నేను పీతని, ఇప్పుడు లైట్‌హౌస్‌ని. నవ్వుకుంటారు, చెయ్యి కదులుతుంది. నిజం రెండో విడతలో అడుగు.

బీచ్‌రోడ్డు పక్కన మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ ఉంది కదా, ఒకడు ఇలా రాశాడనుకో:

ముందు నాన్న భుజాలమీంచి
సముద్రమంతా చూసేవాణ్ణి.
ఇప్పుడు బీచ్‌రోడ్డు మీద నిలబడితే
సబ్‌మెరైన్ అడ్డం.

దానికింద ‘ఇలా నేను పెద్దవాణ్ణయ్యాను’ అని తప్పకుండా తగిలిస్తాడు. కొట్టెయ్యమనకు. ఆ పాదాన్ని అరచేత్తో మూసి, పైవి గట్టిగా చదివించు. అది కావాలో అక్కర్లేదో వాడికే తెలుస్తుంది. ‘ఇంకా బాగా రాయి’ అంటే పిల్లాడికి ఏం అర్థమవుతుంది? ప్రశ్న వెయ్యి: నాన్న తలనూనె ఏ వాసనొచ్చేది? ఎత్తుకోవడం ఎప్పుడు మానేశాడు?

‘వదిలేశాను’ అనడానికి ఇంట్లో ‘ఒగ్గేసినాను’ అనే పిల్ల కాగితం మీదా అలాగే రాస్తే ఎర్రసిరా పెట్టకు. ఒత్తులూ దీర్ఘాలూ సాపు రాసేరోజు చూసుకోవచ్చు. ఛందస్సు జోలికి ఇప్పుడే వద్దు. చెవి ఉన్న పిల్లలచేత మాత్రం ‘తకిట తకధిమి’ అని చప్పట్లు కొట్టించు. గురజాడ ముత్యాల సరాల నడక అదే, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు. శ్రీశ్రీ పుట్టిన ఊరు కదా అని కొందరు తల్లిదండ్రులు మొదటి వారమే ఆవేశం ఆశిస్తారు. వాళ్లకి టీ ఇచ్చి పంపెయ్.

ఒక్కచోట జాగ్రత్త. ‘ముందు మేం నలుగురం, ఇప్పుడు ముగ్గురం’ అని ఎవరైనా రాస్తే పాఠం అక్కడ ఆపు. పాదాలు సరిచెయ్యకు, పైకి చదవమనకు. అందరూ వెళ్లాక పక్కన కూచో. చెప్తే విను, చెప్పకపోతే ఊరుకో.

గోడకి అంటించేముందు ఎవరి కాగితానికి వాళ్లని అడుగు, వద్దన్నవాళ్లది తిరిగిచ్చెయ్. ప్రతిదీ ఫొటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు నీకుంది. ఈ క్లాసుకి ఫోను బ్యాగులోనే ఉండనీ.

మామయ్య
పెద్ద వాల్తేరు