ఎంజైముల గురించి రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఎండకు దెబ్బతిన్న డీఎన్‌ఏను ఎంజైములు ఎలా బాగుచేస్తాయో రాయాలనుకోవడం నాకు నచ్చింది. మే నెలలో తిరుపతిలో కూర్చుని రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి విషయం ఏముంది? కానీ మూడు పేజీలు ఎండ ఎంత చెడ్డదో చెప్పి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "ఎంజైములు పాడైన చోటును కనిపెట్టి సరిచేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కథంతా ఆ ముక్కలోనే ఉందమ్మా. మన కణం ఒక్కోదానిలో దాదాపు 600 కోట్ల అక్షర జతల డీఎన్‌ఏ ఉంది. అందులో ఎక్కడో పక్కపక్కనున్న రెండు అక్షరాలు అతుక్కుపోయాయి. కళ్లూ బుద్ధీ లేని ఒక ప్రోటీనుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చదివేవాడు అడిగేది ఇదే. దీనికి జవాబు చెప్పడానికే వ్యాసం రాయి, మిగతాది కత్తిరించు.

"సూర్యుడు సకల జీవకోటికి ప్రాణాధారం" అన్న మొదటి వాక్యం తీసెయ్. అది స్కూల్లో వ్యాసరచన పోటీకి పనికొస్తుంది. మన ఊరి నుంచే మొదలుపెట్టొచ్చు కదా. తిరుమలలో గుండు చేయించుకుని, గంధం పూసుకుని మాడ వీధుల్లో తిరిగేవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాం. ఎప్పుడూ జుట్టు చాటున ఉన్న చర్మం ఆ రోజే ఎండ ముఖం చూస్తుంది. కొండమీద చల్లగానే ఉంటుంది కానీ, ఎత్తుకు పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు తగ్గవు, పెరుగుతాయి. వేడి వేరు, ఈ కిరణాలు వేరు. ఇది చాలామందికి తెలియదు, కాబట్టి చెప్పు. గంధం ఆ కిరణాలను ఆపుతుందని మాత్రం రాయొద్దు. చల్లగా ఉంటుంది, అంతే.

ఎండ డీఎన్‌ఏను "కాల్చేస్తుంది" అని రాశావు. కాల్చదు. డీఎన్‌ఏ అక్షరాల్లో థైమిన్ ఒకటి. పక్కపక్కన రెండు థైమిన్‌లు ఉన్నచోట కిరణం పడితే, పైనా కిందా ఉన్న ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మధ్యలో నాలుగు కార్బన్ల చిన్న వలయం ఏర్పడుతుంది. ఎక్కువగా జరిగేది ఇదే. రెండో రకం అతుకు కూడా ఉంది. దాన్ని సిక్స్-ఫోర్ అంటారు. అది తక్కువే కానీ, రెండు పోగులు పెనవేసుకున్న డీఎన్‌ఏ మెలికను బాగా వంచేస్తుంది. ఈ తేడాను వదిలిపెట్టకు, ముందుకు పనికొస్తుంది.

ఇక వెతికే పని. మన కణాల్లో ఈ పని మొదలుపెట్టేది ఎక్స్‌పీసీ అనే ప్రోటీను. నువ్వు దాన్ని నేరస్తుణ్ని పట్టుకునే పోలీసుతో పోల్చావు. పోలీసుకు ఎవరిని వెతుకుతున్నాడో తెలుసు, దీనికి తెలియదు. పూలదండ మీద వేళ్లు పోనిస్తే ముడి వదులైన చోట చెయ్యి దానంతటదే ఆగుతుంది చూడు, అలాంటిది ఇది. అక్షరాలు అతుక్కున్నచోట ఎదుటి పోగుతో జత సరిగ్గా కుదరదు, పట్టు సడలుతుంది. ఎక్స్‌పీసీ ఆ సడలిన చోట దూరుతుంది. ఇంకో విచిత్రం ఉంది. దీనికి చుట్టమైన ఈస్టు ప్రోటీను నిర్మాణాన్ని 2007లో చూసినప్పుడు, అది పాడైన అక్షరాలను ముట్టుకోవడమే లేదని తేలింది. వాటిని బయటికి తిప్పేసి, ఎదురుగా ఉన్న మంచి పోగును పట్టుకుంటుంది. అందుకే పట్టు సడలితే చాలు, దెబ్బ ఏ రకమన్నది దానికి అక్కర్లేదు. సిగరెట్ పొగలోని రసాయనాలు డీఎన్‌ఏకు అంటుకుని చేసే దెబ్బ దగ్గర కూడా ఇదే ప్రోటీను వాలుతుంది.

ఈ పద్ధతికి ఒక లోపం కూడా ఉంది. సిక్స్-ఫోర్ అతుకు మెలికను బాగా వంచుతుంది కాబట్టి తొందరగా దొరుకుతుంది, కొన్ని గంటల్లో కణం దాన్ని తీసేస్తుంది. మామూలు థైమిన్ జంట అంతగా వంచదు, ఎక్స్‌పీసీ దాన్ని దాటిపోగలదు. అప్పుడు యూవీ-డీడీబీ అనే ఇంకో ప్రోటీను ముందు వచ్చి దాన్ని పట్టి చూపించాలి. అయినా ఆలస్యమే, ఒక రోజు దాటినా కొన్ని మిగిలే ఉంటాయి.

చోటు దొరికింది కదా అని కణం వెంటనే కోసేయదు. ఎక్స్‌పీడీ అనే ఎంజైము రెండు పోగులను విడదీస్తూ ఒక పోగు వెంట నడుస్తుంది. నిజంగా అక్కడ దెబ్బ ఉంటే నడక ఆగిపోతుంది. అలా ఆగిపోవడమే సాక్ష్యం. అప్పుడు అటొక కోత, ఇటొక కోత, మొత్తం 30 అక్షరాల చుట్టుపక్కల ముక్క ఊడొస్తుంది. ఎదుటి పోగును చూసి కణం ఖాళీ నింపుతుంది. బ్యాక్టీరియాలో ఆ ముక్క 12, 13 అక్షరాలే. కోసి, నింపి, అతికించే ఎంజైముల పేర్లన్నీ నువ్వు వరసగా ఇచ్చావు. అవి పరీక్షకు చదివేవాళ్లకు కావాలి, మన పాఠకుడికి వద్దు.

వెలుతురు సాయంతో ఆ అతుకును విడదీసే ఫోటోలయేజ్ అనే ఎంజైము గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. ఎందుకు? మనుషుల్లో లేదనేగా! లేదు కాబట్టే రాయాలి. మన వేరుశనగ చేలో మొక్కకు అది ఉంది, గట్టు మీది కప్పకు ఉంది, ఇంటి ముందు తిరిగే కోడికి ఉంది. ఆ చేను దున్నే ఎద్దుకు లేదు, రైతుకు లేదు. కంగారూకు మాత్రం ఉంది. కడుపులో మాయతో (ప్లాసెంటాతో) బిడ్డను మోసే మన జాతులు దాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాయి. దాని చుట్టమొకటి మనలో మిగిలింది. అది డీఎన్‌ఏ జోలికి పోకుండా రేయింబవళ్ల గడియారం చూసుకుంటోంది.

ఫోటోలయేజ్ పనిచేసే తీరుకు కాస్త ఎక్కువ చోటివ్వు. అతుక్కున్న జంటను మెలికలోంచి బయటికి తిప్పి తన గుంటలోకి లాక్కుంటుంది. పట్టుకోవడానికి వెలుతురు అక్కర్లేదు, చీకట్లోనైనా పట్టుకుని కూర్చుంటుంది. నీలి వెలుతురు తగిలినప్పుడు, బీ2 విటమిన్ నుంచి తయారైన ఎఫ్‌ఏడీ అనే భాగం అతుకుకు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. అతుకు విడిపోతుంది, ఎలక్ట్రాన్ వెనక్కి వస్తుంది. కోత లేదు, నింపడం లేదు. ఇదంతా సెకనులో వంద కోట్లవ వంతు చుట్టుపక్కల అయిపోతుంది. "ఎండ చెడగొట్టినదాన్ని ఎండే బాగుచేస్తుంది" అని రాయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయి, కానీ చెడగొట్టే కిరణం వేరు, బాగుచేసే వెలుతురు వేరు అని పక్కనే చెప్పాలి.

మనుషుల కథ కావాలంటే ఇక్కడే ఉంది. ఆల్బర్ట్ కెల్నర్ అమెరికాలో సూక్ష్మజీవుల మీద అతినీలలోహిత కిరణాలు వేస్తుంటే, బతికినవాటి లెక్క ఒకసారికీ ఇంకోసారికీ పొంతన కుదరలేదు. వేడిలో తేడా అనుకున్నాడు. తీరా చూస్తే మామూలు వెలుతురు తగిలినవే తేరుకుంటున్నాయి. 1949లో ఆ సంగతి ప్రకటించాడు. టర్కీలో పల్లెటూరి డాక్టరుగా పనిచేసిన అజీజ్ సంజార్ 1976లో ఫోటోలయేజ్ జన్యువును వేరుచేశాడు. ఆ తర్వాత అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, బ్యాక్టీరియా పాడైన డీఎన్‌ఏ ముక్కను ఎలా కోస్తుందో తేల్చాడు. 2015లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు.

చివరగా, ఎండ పొడ తగిలితే చర్మం పాడయ్యే పిల్లల గురించి. జీరోడెర్మా పిగ్మెంటోసం వ్యాధిలో మరమ్మతు జరగడం లేదని జేమ్స్ క్లీవర్ 1968లో చూపించాడు. ఎక్స్‌పీసీ, ఎక్స్‌పీడీ పేర్లలోని ఎక్స్‌పీ ఆ జబ్బు పేరే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గరా పాడైన జన్యువు వస్తేనే బిడ్డకు వస్తుంది. మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ మాట తప్పకుండా చెప్పాలి. తల్లిదండ్రులను తప్పుపట్టే ధోరణి మాత్రం వద్దు. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లోనూ నీ వ్యాసం చదువుతారు.

శీర్షికలో "అద్భుతం" కొట్టేయ్. ఎక్స్‌పీసీ ఎదుటి పోగును పట్టుకునే చోట ఒక బొమ్మ గీసి పెట్టు, మాటలతో అంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకూ చేతకాదు. యూనివర్సిటీ తెరిచాక బయోకెమిస్ట్రీ వాళ్లెవరికైనా ఒకసారి చూపించి, ఆ తర్వాత నాకు పంపు.

ఉంటాను.