పాటు వేళ చూసుకుని రండి

అమ్మడూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లల్ని కోరింగ మడ అడవికి తీసుకెళ్దామన్నావు. తప్పకుండా వెళ్దాం. కానీ అల్లుడుగారు వేసిన ప్రోగ్రామ్‌లో పదింటికి కోరింగ, పదకొండున్నరకి యానాం అని ఉంది. అది మార్చమను. అక్కడికి గడియారం చూసి కాదు, నీళ్ళు చూసి వెళ్ళాలి.

ఆ కాలవల్లోకి సముద్రపు నీళ్ళు రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి, అది పోటు. రెండుసార్లు తీస్తాయి, అది పాటు. పోటు మీద వెళ్తే చెక్కవంతెన కింద నీళ్ళే. ఫొటోలు బాగా వస్తాయి గానీ పిల్లలకి తొందరగానే విసుగొస్తుంది. పాటు వేళకి వెళ్తే బురద బయటపడుతుంది, అసలు తమాషా అంతా అందులోనే. ఒక డెక్క మాత్రం ఇంత పెద్దదిగా ఉండే పీతలు కన్నాల్లోంచి వచ్చి దాన్ని ఊపుతుంటాయి. అవి మగవి, ఆడపీతల్ని పిలుస్తున్నాయన్నమాట. నెత్తిమీద గుడ్లగుడ్ల కళ్ళున్న చిన్న చేపలు బురద మీద పాకుతూ, గెంతుతూ కనిపిస్తాయి. నీళ్ళు లేకుండా చేప ఎలా బతికిందని పెద్దాడు అడక్క మానడు. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ అది చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుందని చెప్పు. మడచెట్ల చుట్టూ మేకుల్లా పొడుచుకొచ్చినవి వేళ్ళే. ఆ బురదలో గాలాడదు, అందుకే పైకొస్తాయి.

పాటు వేళ రోజూ ముందురోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాకినాడ టైడ్ టైమింగ్స్ ఫోన్లోనే దొరుకుతాయి. కాలవలు లోపలికి ఉన్నాయి కాబట్టి అక్కడ ఇంకాస్త ఆలస్యం అనుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా తీస్తాయి. చొల్లంగి అమావాస్య నాడు మాత్రం వద్దు, స్నానాల జనంతో రోడ్డు కదలదు. నీళ్ళు మరీ తీసినప్పుడు పడవ తిప్పకపోవచ్చు. పడవా బురదా రెండూ కావాలంటే కుదరదని చంటిదానికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే అక్కడ ఏడుపు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఆకులు తుంచనివ్వకు. అక్కడ తిల్ల అని ఒక చెట్టుంది, తుంచితే తెల్లటి పాలు కారతాయి. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే కొంతసేపు చూపే పోవచ్చు. మడాకు మీద ఉప్పు ఉంటుందని ఎవరో చెప్పగా విని పిల్లలు నాకి చూస్తామంటారు. నిజంగానే ఉంటుంది, కానీ ఏది మడో ఏది తిల్లో తెలియనప్పుడు ఆ సరదా వద్దు.

నీటి పిల్లి, అదే చేపలు పట్టి తినే అడవిపిల్లి, కనిపిస్తుందని ఆశ పెట్టకండి. ఈ అడవికి పేరు తెచ్చింది అదే అయినా, తిరిగేది ఎక్కువగా రాత్రిపూట. నీటికుక్కలు (ఆటర్లు) కనిపిస్తే అదృష్టం. లకుముకి పిట్టలూ కొంగలూ ఎలాగూ ఉంటాయి. అల్లుడుగారు బైనాక్యులర్స్ తెస్తానన్నారుట, తెస్తే రెండు తెమ్మను, ఒకటి తెస్తే దెబ్బలాటే. పక్షుల పేర్లు అప్పజెప్పించే పని మాత్రం పెట్టుకోవద్దు, అది బడి అయిపోతుంది. పిల్లలు ఒక పీత దగ్గర అరగంట నిలబడితే నిలబడనీ. వంతెన చివరిదాకా నడిచి తీరాలని రూలేం లేదు.

నిండు చేతుల చొక్కాలు, ఫుల్ ప్యాంట్లు వేయండి, దోమలు బాగా ఉంటాయి. జారని చెప్పులు తెండి, తడి చెక్కల మీద పరుగులు వద్దు. టిఫిన్ ఇంట్లోనే తినేసి వెళ్దాం. చిప్స్ ప్యాకెట్లు వద్దంటే వద్దు, గాలికి కవరు ఎగిరి బురదలో పడితే తీసేవాడు ఉండడు.

ఈలోగా మీ మియాపూర్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువుకి ఒకట్రెండు ఆదివారాలు పొద్దున్నే తీసుకెళ్ళు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువది, చలికాలంలో వలస పక్షులు వస్తాయి. గట్టున నిలబడి చూడటం అక్కడ అలవాటైతే ఇక్కడ మనకి పని తేలిక.

రైలు టిక్కెట్లు తీసుకునే ముందు ఏ తేదీలో చెప్పు. ఆ రోజుల్లో పాటు పగటిపూట ఎప్పుడు పడుతుందో ఇక్కడ చేపలవాళ్ళని అడిగి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ