స్కాలర్‌షిప్ ఆగే నెల, లాయరు సంపాదన మొదలయ్యే నెల

ప్రశ్న: స్కాలర్‌షిప్ మీద ఐదేళ్ల లా చదువుతున్నాను, ఇప్పుడు నాలుగో ఏడాది. కోర్టు ప్రాక్టీసు చేయాలనుంది. ఇప్పటినుంచే ఏం చూసుకోవాలి?

నేనూ స్కాలర్‌షిప్ మీదే చదివి బార్‌లోకి వచ్చాను కాబట్టి ముందు డబ్బు సంగతి చెప్తాను. చివరి సెమిస్టర్‌తో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, జూనియర్‌కు వెంటనే ఇల్లు గడిచేంత రాదు. ఈ ఖాళీని లెక్కలో వేసుకోకపోవడం వల్లే బాగా చదివినవాళ్లు కూడా మధ్యలో కోర్టు వదిలేస్తారు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించింది. అది సూచన మాత్రమే, కట్టుబాటు లేదు. అందుకని సీనియర్ దగ్గర చేరే ముందే ఎంత ఇస్తారో, ఏ తారీఖున ఇస్తారో అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని మొహమాటపడొద్దు.

రెండోది సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కొన్ని కాలేజీలు ఒరిజినల్స్ ఆపేస్తాయి. అవి చేతిలో లేకపోతే ఎన్‌రోల్‌మెంటూ, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా నమోదూ ఆగుతుంది. తొమ్మిదో సెమిస్టర్‌లోనే స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏ ఏడాది విడత విడుదలైందో, ఏది కాలేదో చూసి ప్రింటు తీసుకోండి. కాలేజీకి అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పదో తరగతి మెమోలో, డిగ్రీలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందా అన్నది కూడా ఇప్పుడే సరిచూసుకోండి.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి భయం అక్కర్లేదు. అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్‌లో ఉన్నదానికి మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది: జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, స్టాంపు డ్యూటీ వేరు. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. 45 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీలకు 40. నోట్స్ లేని బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు, కానీ ఏ సెక్షన్ ఎక్కడుందో ముందే తెలియనివాళ్లకు పేజీలు తిప్పడంతోనే టైమంతా అయిపోతుంది.

ఇక అసలు పని. ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో కనీసం ఎనిమిది వారాలు కింది కోర్టులో గడపండి. హైకోర్టులో వాదనలు వినడం బాగుంటుంది గానీ, చేతికి పని వచ్చేది మాత్రం ఫైలింగ్ కౌంటర్ దగ్గరే. దావాలు ఎందుకు రిటర్న్ అవుతున్నాయో రాసుకోండి: కోర్టు ఫీజు తక్కువ కట్టడం, వకాల్తాలో సంతకం లోపం, డాక్యుమెంట్ల జాబితాకూ జతచేసిన కాగితాలకూ పొంతన లేకపోవడం. ఇచ్చిన గడువులో లోపాలు సరిచేసి మళ్లీ దాఖలు (రీప్రెజెంట్) చేయకపోతే ఆలస్యం మాఫీకి ఇంకో పిటిషన్ వేయాల్సి వస్తుంది.

జూనియర్ మీద నమ్మకం కుదిరేదీ, పోయేదీ లిమిటేషన్ లెక్క, అంటే కేసో అప్పీలో వేయాల్సిన గడువు లెక్క దగ్గరే. ఒక ఉదాహరణ: మార్చి 3న డిక్రీ (దావాలో కోర్టు తుది నిర్ణయం) అయింది, జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు. డిక్రీ రోజును లెక్కపెట్టరు, కాబట్టి ఏప్రిల్ 2తో గడువు ముగుస్తుంది. మార్చి 10న డిక్రీ నకలు కోసం కాపీ అప్లికేషన్ పెడితే 24న కాపీ సిద్ధమైంది. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద ఆ 15 రోజులూ గడువుకు కలుస్తాయి, అంటే ఏప్రిల్ 17 వరకు. కాపీ సిద్ధమయ్యాక మీరు 28న వెళ్లి తెచ్చుకుంటే, ఆ నాలుగు రోజులు మాత్రం కలవవు. చార్జీలు కట్టమన్నాక మీరు చేసిన జాప్యం కూడా అంతే. చాలామంది కాపీ చేతికందిన తేదీ నుంచి లెక్కేసి పొరబడతారు. కాపీ వెనక ఉన్న తేదీల ముద్రను చదివి, డైరీలో చివరి తేదీకి వారం ముందున్న పేజీలోనే ఎర్ర సిరాతో రాసుకోండి.

జడ్జి పరీక్ష ఆలోచన ఉంటే ఇంకోటి. సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పిచ్చింది, దాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్ పాసవ్వకముందు ఇచ్చే తాత్కాలిక నమోదు) తేదీ నుంచే లెక్కిస్తారు. కాబట్టి ఫలితాలు రాగానే ఎన్‌రోల్ అవ్వండి, మీరు హాజరైన ఆర్డర్ల నకళ్లు మొదటి నెల నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి.