తోడల్లుడి వైన్ షాపు సరుకు నేను కొనవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు. ఇక్కడ నా పేరిట వైన్ షాపు లైసెన్సు ఉంది. అమలాపురం దగ్గర మా తోడల్లుడికి 2024 అక్టోబరు లాటరీలో దుకాణం వచ్చింది. ఆరోగ్యం బాగాలేక మూసేస్తానంటున్నారు. మిగిలిన 18 లక్షల సరుకును స్టాంపు కాగితం రాసుకుని నా దుకాణానికి తెచ్చుకోవచ్చా? యానాంలో ఒకరు ఇంకా మంచి ధర ఇస్తామంటున్నారు.

జవాబు: అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి అడగండి.

కిరాణా కొట్టయితే త్రాసుతో సహా అమ్ముకోవచ్చు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. ప్రభుత్వం ఎంత అనుమతిస్తే అంతే. మీ తోడల్లుడి లైసెన్సు ఆయనకు, ఆ చిరునామాకు ఇచ్చినది. డబ్బు పెట్టి కొన్నది ఆయనే అయినా, ఆ సరుకును మరో దుకాణానికి తరలించే హక్కు అందులో లేదు. మీరూ ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి వచ్చిన సరుకే అమ్మాలి. ఇద్దరికీ లైసెన్సులున్నాయి కదా అని పెట్టెలు ఆటోలో ఎక్కిస్తే, 1968 ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద కేసు పడుతుంది. మీ లైసెన్సు కూడా రద్దు కావచ్చు. తనిఖీకి వచ్చిన సీఐ మీ అలమారలోంచి ఒక సీసా తీసి, దాని బ్యాచ్ నంబరు మీ డిపో ఇన్‌వాయిస్‌లో చూపించమంటే ఏం చూపిస్తారు?

ఆ స్టాంపు కాగితం కూడా మిమ్మల్ని కాపాడదు. చట్టం నిషేధించిన పనికి రాసుకున్న ఒప్పందం, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దాని కోసం ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద గెలవడం కష్టం, ఎందుకంటే అక్కడ చట్టబద్ధమైన బాకీ ఉండాలి. చుట్టరికాలు ఇలాంటి లెక్కల దగ్గరే చెడడం నా ఆఫీసులో చూస్తూనే ఉన్నాను.

యానాం మాట పూర్తిగా మరచిపోండి. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి చట్టం.

మంచి దారి ఒకటుంది. ఆయన లైసెన్సు గడువు 2026 సెప్టెంబరు 30 వరకు ఉంది. షట్టరు వెంటనే దించకుండా డిపోకు కొత్త ఇండెంటు (సరుకు ఆర్డరు) ఆపి, ఉన్న సరుకును అదే కౌంటరులో అమ్ముకోమనండి. ఆయన కూర్చోలేకపోతే నౌకర్‌నామా (దుకాణంలో అమ్మే పనివారికి ఎక్సైజ్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం) ఉన్న మనిషి అమ్మవచ్చు. అప్పటికీ మిగిలితే బ్రాండు, సైజు, బ్యాచ్ వారీగా జాబితా రాసి జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారికి దరఖాస్తు పెట్టాలి. లైసెన్సు వదులుకుంటున్న సంగతి, కట్టాల్సిన లైసెన్సు ఫీజు వాయిదాలు, మిగిలిన సరుకును డిపోకు తిప్పి పంపాలా, మరో లైసెన్సుదారుకు ఇవ్వనిస్తారా అన్నవన్నీ అందులోనే అడగాలి. రాతపూర్వక ఉత్తర్వు చేతికి వచ్చేదాకా సరుకు ఆ గదిలోనే ఉండాలి. నోటిమాట అనుమతిని నమ్మవద్దు.

ఫ్రిజ్‌లు, ర్యాకులు, సీసీ కెమెరాలు మాత్రం ఆయన సొంత ఆస్తి. అవి నిక్షేపంగా కొనుక్కోండి, రసీదు తీసుకోండి.