సెప్టెంబరు చివరి వారం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ‘చరిత్రలో ఈ వారం’ శీర్షిక నీ చేతికి వచ్చిందని చదివి చాలా సంతోషపడ్డాను. సెప్టెంబరు 22 నుంచి 28 దాకా నువ్వు తయారుచేసిన జాబితా రెండుసార్లు చదివాను. పందొమ్మిది తేదీలు ఏరావు. కష్టం కనబడుతోంది. కానీ పందొమ్మిదింటిలో ఒక్క మనిషి ముఖం కూడా నాకు కనబడలేదు. తేదీలు చూసుకోవడానికి పాఠకుడింట్లో గోడమీద క్యాలెండర్ ఉంది. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరికి జరిగిందో నువ్వు చెప్పాలి.

ఈ వారానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను 28వ తేదీ తీసుకుంటాను. నువ్వు ‘1908: మూసీ వరద, 15 వేల మంది మృతి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. హైదరాబాద్ పాతవాళ్లు దాన్ని ‘తుగ్యానీ’ అనేవారు. అసలు అంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు రాయి. వాన కురిసింది, నిజమే. కానీ మూసీ ఎగువన ఉన్న వందలాది చెరువుల్లో రెండు వందలకు పైగా తెగిపోయాయి. పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువుల సంగతి తెలిసిన రైతు ఎవరైనా నీకు ఇది అరగంటలో అర్థమయ్యేలా చెబుతాడు. అడుగు.

తర్వాత నది ఒడ్డుకు రా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయన బతికి బయటపడి ఆ దుఃఖాన్ని కవితలో రాసుకున్నాడు. 15 వేలు అన్న అంకె చదివినప్పుడు కదలని మనసు ఈ ముగ్గురి దగ్గర ఆగుతుంది. అంకెను తీసెయ్యమనడం లేదు. ముందు ఈ ముగ్గురిని చూపించి, తర్వాత అంకె చెప్పు.

వరదతో కథ అయిపోదు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరానికి ఎగువనే నీటిని ఆపాలని ఆయన చెప్పారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. గండిపేట నీళ్లు తాగి పెరిగిన నగరం మనది. ఆ నీళ్ల వెనక ఆ రాత్రి ఉందని ఎంతమందికి తెలుసు?

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో ఇదే వరద మీద రాస్తూ, టెన్షన్‌లో, మూసీ వంతెనలన్నీ కొట్టుకుపోయాయని రాసేశాను. వారం తిరక్కుండా ఓ పెద్దాయన కార్డు రాశారు: “పురానాపూల్ నిలబడే ఉంది. నిన్న సాయంత్రమే దాని మీద నడిచి వచ్చాను.” అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం మిగిలింది. ‘అన్నీ’ అని రాసే ముందు ఆగడం నాకు ఆ కార్డే నేర్పింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

26వ తేదీ దగ్గర ‘1895: చాకలి ఐలమ్మ జననం’ అని రాశావు. 1895లో ఒక పల్లెలో, చాకలి ఇంట పుట్టిన ఆడపిల్ల తేదీని ఎవరు రాసిపెట్టి ఉంటారో ఒక్క నిమిషం ఆలోచించు. ‘ఈ రోజున ఆమె జయంతి జరుపుకుంటున్నాం’ అని రాయి. అది నిజం, గౌరవం కూడా. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఆమె, సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు కలిసి అడ్డుకున్నారు. ఆ వడ్ల కుప్ప ముందు నిలబడిన ఐలమ్మ గురించి రాయడానికి పుట్టిన తేదీ అవసరం లేదు.

కవి జాషువా కూడా 1895లోనే, 28న పుట్టారు. నువ్వు ఉత్తరంలో ఉత్సాహంగా రాశావు చూడు, మూసీ పొంగిన రోజే వినుకొండ కుర్రాడికి పదమూడేళ్లు నిండాయని. లెక్క సరైనదే. కానీ వదిలెయ్. ఆ రెండింటికీ తేదీ తప్ప మరే చుట్టరికమూ లేదు. చుట్టరికం కావాలంటే అదే వారంలో 24వ తేదీ చూడు. 1932లో ఎరవాడ జైల్లో పూనా ఒప్పందం కుదిరింది. గాంధీ 20న మొదలుపెట్టిన నిరాహారదీక్షను 26న విరమించారు. దళితులు తమ ప్రతినిధులను విడిగా ఎన్నుకునేలా అంబేద్కర్ సాధించిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, రాష్ట్రాల శాసనసభల్లో 148 రిజర్వుడు స్థానాలు వచ్చాయి. తొమ్మిదేళ్లకు, 1941లో, జాషువా కావ్యం ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకంటే గబ్బిలానికి గుళ్లోకి వెళ్లడానికి అడ్డు లేదు. పూనాలో సంతకాలు అయ్యాక కూడా వినుకొండ కవికి ఇది రాయాల్సి వచ్చింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టడానికి నీకు హక్కుంది, కారణం ఉంది కాబట్టి.

మిగతా తేదీలు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయమని డెస్క్ వాళ్లకు చెప్పు. బాధపడకు, వచ్చే ఏడాది అవి మళ్లీ వస్తాయి.

ఈ ఆదివారం ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లు. చింతచెట్టు కింద కాసేపు కూర్చో. అక్కడి నుంచి మూసీ ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టు. కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడు. తర్వాత మొదటి పేరా రాసి నాకు పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు