ఎడారి మొక్కలని కొన్నాను. రోజూ చెంబెడు నీళ్ళు పోస్తున్నా కుళ్ళిపోతున్నాయి, ఎందుకు?

రోజూ పోస్తున్నారు కాబట్టేనండీ.

నేనూ ఓ అడీనియాన్ని (ఎడారి గులాబీ) ఇలాగే చంపాను. హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీ. జులై ముసురులో ఆకులు పండి రాలుతుంటే నీళ్ళు చాలట్లేదేమోనని ఇంకో మగ్గు పోశాను. వారం తిరిగేసరికి మొదలు బొటనవేలితో నొక్కితే మగ్గిన సపోటాలా దిగిపోయింది. కుండీ బోర్లిస్తే వేళ్ళు నల్లగా, మురుగు కంపు. కొన్నప్పటి మట్టిలో సగం కొబ్బరిపొట్టే, పిండితే నీళ్ళు కారాయి.

మాది అనంతపురం జిల్లా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. మా చేని గట్టున జెముడు పొదకు ఎవరూ నీళ్ళు పోసిన పాపాన పోలేదు. గరప నేల, పడిన వాన పడినట్టే దిగిపోతుంది. అది చూస్తూ పెరిగి కూడా కుండీలో బురద చేశాను!

పైన గట్టిగా ఉన్న ఒక కొమ్మను తెల్లటి కండ కనబడేదాకా కోసి, కోతకు పసుపు అద్ది, వారం నీడలో ఆరబెట్టి నాటాను. సగానికి పైగా గరుకు ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త ఎర్రమట్టి, గుప్పెడు పశువుల ఎరువు. సన్న ఇసుక వద్దు, గట్టిపడిపోతుంది. కొమ్మతో వచ్చినదానికి అడుగున ఆ లావు దుంప ఊరదు గానీ, పూలు మాత్రం పూస్తోంది.

చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చండి, తడి అంటకపోతేనే నీళ్ళు. ఆకు ముడతలు పడితే దాహం. ఉబ్బి గాజులా తేలిపోతే ఎక్కువైనట్టు. చలికాలంలో అడీనియం ఆకు రాల్చడం మామూలే, కంగారుపడి పోయకండి.

ఇంత తక్కువ నీటితో ఎలా బతుకుతాయంటారా? మీ ఇంట్లో రణపాల ఉంటే తెల్లారగానే చిన్న ముక్క నమిలి ఉమ్మేయండి, పుల్లగా ఉంటుంది. సాయంత్రానికి ఆ పులుపు ఉండదు. ఎండలో ఆకు రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరవుతుందని రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చి, మాలిక్ ఆమ్లంగా (పొద్దున్నే తగిలే పులుపు ఇదే) దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని వాడుకుంటుంది. మన సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హెయిన్ ఈ రుచి తేడా గురించి రాసింది 1815లోనే అచ్చయింది. అడీనియాన్నీ జెముడునూ మాత్రం నోట పెట్టకండి, వాటి పాలు విషం.

ముందు కుండీల కింద పళ్ళేలు తీసేసి, అడుగు రంధ్రం పూడిందేమో చూడండి.